జవాబు పేజీ తిప్పకముందు



పలాస స్టేషన్‌లో పొద్దున్నే విశాఖ వైపు పోయే బండి ఎక్కండి. కిటికీ పక్కన ఒక కుర్రాడు కూర్చుని ఉంటాడు. ఒళ్లో లావుపాటి బిట్ బ్యాంకు. కానిస్టేబుల్ పరీక్షకో, రైల్వే పరీక్షకో తయారవుతున్నాడు. ప్రశ్న చదువుతాడు. కింద ఇచ్చిన నాలుగూ చదువుతాడు. అంతలోనే కన్ను కీ మీదికి జారుతుంది. "ఆఁ, బీ. ఇది నాకు తెలుసు" అనుకుని తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతాడు. నౌపడ దాటేసరికి యాభై బిట్లు. శ్రీకాకుళం రోడ్ వచ్చేసరికి వంద. చాలా చదివేశానని తృప్తి.

నిజంగా తెలుసా? కీ మీద చెయ్యి అడ్డం పెట్టి అడిగితే ఆ బీ చెప్పగలడా?

నేనివాళ మాట్లాడేది పరీక్షల గురించి కాదు లెండి. ఆట గురించి. ఆటని పుస్తకం పెట్టుకుని నేర్చుకోవడం గురించి. ఆటకి పుస్తకమెందుకండీ, అరుగు మీద కూర్చుని ఆడితే రాదా అంటారు. వస్తుంది. కొంతవరకు వస్తుంది. అక్కడ ఆగిపోతుంది. ముప్పై ఏళ్లుగా అష్టాచెమ్మా ఆడుతున్నవాళ్లు మన వీధుల్లో ఉన్నారు. ముప్పై ఏళ్ల కిందట ఏ తప్పు చేసేవారో ఇప్పుడూ అదే తప్పు చేస్తున్నారు. తప్పని చెప్పేవాళ్లు లేరు మరి. ఓడితే పందెం పడలేదంటారు. గెలిస్తే నా తెలివంటారు.

నేను తీసుకున్న ఆట పేరు బ్యాక్‌గామన్. ఇదెక్కడి ఆటండీ అనకండి. ఉద్దానం వాళ్లకి ఇది మరీ పరాయిది కాదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు, ఈ వైపు నుంచి ఎంతమంది కుర్రాళ్లు వెల్డింగుకీ, ఫిట్టరు పనికీ గల్ఫ్ వెళ్లలేదు? అక్కడ టీ కొట్ల దగ్గర ఈజిప్టు వాళ్లో, సిరియా వాళ్లో, లెబనాన్ వాళ్లో సాయంత్రం పూట ఒక చెక్కపెట్టె తెరుస్తారు. అది రెండుగా విచ్చుకుంటుంది. లోపల కోసుగా గీసిన గళ్లు. కాయల్ని టకటకా కొడుతూ ఆడతారు. అరబ్బులు దాన్ని తావ్లా అంటారు. ఇరాన్ వాళ్లు నర్ద్ అంటారు. ఇంగ్లీషు వాళ్ల బ్యాక్‌గామన్ అదే. సెలవుకి వచ్చినప్పుడు అలాంటి పెట్టె ఒకటి మోసుకొచ్చిన కుర్రాళ్లు మీ ఊళ్లోనూ ఉండొచ్చు. అడిగి చూడండి.

పెట్టె లేకపోయినా ఫరవాలేదు. గచ్చు మీద సుద్దముక్కతో గీసుకోవచ్చు. ఇటు పన్నెండు గళ్లు, అటు పన్నెండు గళ్లు. మొత్తం 24. మీకు పదిహేను జీడిపిక్కలు. మీ బావగారికి పదిహేను చింతపిక్కలు. లూడో పెట్టెలోంచి రెండు పాచికలు. అంతే, ఆట సిద్ధం. పలాసలో జీడిపిక్కలకి కరువా?

ఆట ఎలాగంటే, మీ కాయలు ఇటు నుంచి అటు నడుస్తాయి. ఎదుటివాడి కాయలు అటు నుంచి ఇటు వస్తాయి. కాబట్టి దారిలో ఎదురెదురు పడక తప్పదు. ఒక గడిలో మీ కాయలు రెండో, అంతకంటే ఎక్కువో జంటగా ఉంటే ఆ గడి మీ ఇల్లు. ఎదుటివాడు అందులో కాలు పెట్టలేడు. ఒకటే ఉంటే దాన్ని చంపొచ్చు. చచ్చిన కాయ మళ్లీ మొదటి నుంచి బయల్దేరాలి. అన్ని కాయల్నీ చివరి వీధికి చేర్చి, ఒక్కొక్కటీ పండించుకుని ముందుగా బయటపడ్డవాడు గెలిచినట్టు. ఇంకో మాట. జాగ్రత్తగా వినండి, దీంతో తర్వాత పనుంది. రెండు పాచికలు వేస్తారు కదా, ఆ రెండు అంకెల్నీ వేరువేరుగా నడపొచ్చు. ఒకే కాయని రెండు అంకెలూ నడిపించొచ్చు. లేదా ఒక అంకె ఒక కాయకి, రెండోది ఇంకో కాయకి. రెండింటి మీదా ఒకే అంకె పడితే, దాన్ని నాలుగుసార్లు నడపాలి.

పారశీకుల దగ్గర ఒక పాత కథ ఉంది. హిందూదేశపు రాజు ఒకడు చదరంగం బల్లనీ, బలగాన్నీ పంపించి, ఈ ఆట ఏమిటో మీ అంతట మీరే కనిపెట్టండి అని పందెం కాశాడట. ఖుస్రో చక్రవర్తి మంత్రి బుజుర్గ్‌మిహ్ర్ దాన్ని విప్పి చెప్పాడట. బదులుగా తానే నర్ద్ ఆట తయారుచేసి మన వాళ్లకి పంపితే, మన పండితులు తలలు పట్టుకున్నారట. కథ వాళ్లది, గెలుపూ వాళ్లదే! ఫిర్దౌసీ షానామాలో కూడా ఈ కథ ఉంది. నాకు ఇందులో నచ్చేది ఒకటే. ఆ మంత్రికి కీ ఇవ్వలేదు. బల్ల ఎదురుగా పెట్టుకుని, తల బద్దలు కొట్టుకుని, తానే తేల్చుకున్నాడు.

ఇక పుస్తకాల సంగతి. చదరంగం ఆడే పిల్లలకి ఇది కొత్తేమీ కాదు. గుంటూరు కుర్రాడు పెంటేల హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. కోనేరు హంపి 2002లో, పదిహేనేళ్ల వయసులో అయింది. ఆ స్థాయికి వెళ్లే పిల్లలు ఆడిన ఆటలు ఎన్నో, విప్పిన చిక్కులూ అన్నే. ఒక పేజీలో బల్ల బొమ్మ ఉంటుంది. తెల్ల పావుల ఎత్తు, ఏం చేస్తారు అని అడుగుతుంది. అంతే. ఇలాంటి పుస్తకాలు మన దేశానికి పాతవే. తిరువేంగడాచార్య శాస్త్రి అనే పండితుడి చదరంగ గ్రంథం 1814లోనే బొంబాయిలో ఇంగ్లీషులో అచ్చయింది.

బ్యాక్‌గామన్‌కీ అలాంటి పుస్తకాలున్నాయి. అమెరికాలో బిల్ రాబర్టీ అని ఒకాయన ఉన్నాడు. మొదట చదరంగం ఆటగాడు. తర్వాత ఇటు వచ్చి, 1983లోనూ 1987లోనూ ప్రపంచ విజేత అయ్యాడు. ఆయన పుస్తకాల్లో ఒకదాంట్లో 501 చిక్కులున్నాయి. ఆ లెక్క వినగానే మన బిట్ బ్యాంకు కుర్రాడికి నోరూరుతుంది. రోజుకి యాభై చొప్పున పది రోజుల్లో పూర్తి చేసేయొచ్చు కదా అని. చేసేయొచ్చు. పదకొండో రోజున ఆటకి కూర్చుంటే ఏమీ గుర్తుండదు.

సరే, ఒక చిక్కు ఇక్కడే పెట్టుకుందాం. మీరూ ఆలోచించండి.

మీ కాయ ఒకటి ఒంటరిగా మిగిలిపోయింది. దాన్ని చంపడానికి ఎదుటివాడి కాయ ఒకటి కాచుకుని ఉంది. మీ కాయని ఆ కాయకి ఆరు గళ్ల దూరంలో పెట్టొచ్చు. లేదా ఏడు గళ్ల దూరంలో పెట్టొచ్చు. మధ్యలో అడ్డేమీ లేదు. మిగతాదంతా సమానమే అనుకోండి. ఎక్కడ పెడతారు? మళ్లీ చెబుతున్నాను. ఆరు గళ్ల దూరమా, ఏడు గళ్ల దూరమా?

అరుగు మీద ఆట ఎలా సాగుతుందో మీకు తెలుసు.

"ఏటి మావా, కాయని అక్కడ ఒంటరిగా వదిలీసినావు?"

"ఆడికి ఆరు పడద్దేటిరా!"

పడుతుంది. పడగానే మావ నెత్తి కొట్టుకుని, "ఈడికి ఇయాల పాచికలు బాగున్నాయిరా" అంటాడు. అక్కడితో చదువు సమాప్తం. ఆరు ఎంత తరచుగా పడుతుందన్న ప్రశ్న ఆ అరుగు మీద ఎవరికీ రాదు.

కొంచెం లెక్క తెలిసినవాళ్లు ఇంకో రకంగా పొరపడతారు. రెండు పాచికలు కలిపితే ఎక్కువసార్లు వచ్చే మొత్తం ఏడే కదా, కాబట్టి ఏడు గళ్ల దూరమే ప్రమాదం, ఆరులో పెడతాను అంటారు. ఏడు మాట నిజమే. కానీ ఇందాక జాగ్రత్తగా వినమన్న మాట గుర్తు చేసుకోండి. అంకెల్ని వేరువేరుగా కూడా నడపొచ్చు.

ఇప్పుడు లెక్కపెడదాం. తొందర లేదు. మొదటి పాచిక మీద ఆరు రకాలు, రెండో దాని మీద ఆరు రకాలు. కాబట్టి పందేలు మొత్తం 36 రకాలుగా పడతాయి. అందులో కనీసం ఒక పాచిక మీదయినా ఆరు ఉండేవి 11. ఆ 11లో ఏది పడినా మీ కాయ చచ్చినట్టే. అయిదూ ఒకటీ పడ్డా ఆరే. అది రెండు రకాలుగా పడుతుంది, ఇటు అయిదు అటు ఒకటి, లేదా అటు అయిదు ఇటు ఒకటి. నాలుగూ రెండూ అలాగే ఇంకో రెండు. ఇప్పటికి 15. జోడు మూడు పడితే మూడూ మూడూ ఆరు. జోడు రెండు పడితే, నాలుగుసార్లు నడుస్తుంది కనుక, మూడో అడుగులో ఆరు. అవి రెండు. మొత్తం 17. అంటే 36లో 17. ఇంచుమించు సగం!

ఇప్పుడు ఏడు గళ్ల దూరం. ఒక్క పాచిక మీద ఏడు ఉండదు. రెండూ కలిసి రావాలి. ఆరూ ఒకటీ, అయిదూ రెండూ, నాలుగూ మూడూ. ఒక్కొక్కటీ రెండు రకాలు. మొత్తం 6. అంతే. 36లో 6.

ఆరు గళ్ల దూరంలో 17. ఏడు గళ్ల దూరంలో 6. ఒక్క గడి జరిగితే ప్రమాదం మూడో వంతుకి పడిపోయింది.

రేడియో కట్టేసే లోపు ఈ 17, 6 అన్న అంకెలు మరిచిపోతారు. మరిచిపోండి, నాకేం బాధ లేదు. లెక్కపెట్టిన దారి మిగిలితే చాలు. విడిగా పడేవి ఎన్ని, కలిసి పడేవి ఎన్ని, జోడుగా పడేవి ఎన్ని. ఈ దారి తెలిస్తే ఎనిమిది గళ్ల దూరానికి మీరే చెప్పగలరు, నాలుగుకి మీరే చెప్పగలరు. పుస్తకంలో జవాబు పేజీ చూసినవాడికి ఒక్క బల్ల తెలుస్తుంది. లెక్కపెట్టినవాడికి పది బల్లలు తెలుస్తాయి.

ఈ మాట మన వాళ్లకి వెయ్యేళ్ల కిందటే తెలుసు. నలోపాఖ్యానం గుర్తుందా? నన్నయగారి అరణ్యపర్వంలో ఉంది. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడు, బాహుకుడన్న పేరుతో ఋతుపర్ణుడి దగ్గర సారథిగా ఉంటాడు. ఇద్దరూ రథం మీద విదర్భకి పోతున్నారు. దారిలో ఒక తాండ్ర చెట్టు. త్రిఫలాల్లో వేసే తానికాయ ఆ చెట్టుదే. పూర్వం ఆ కాయలే పాచికలు. ఋతుపర్ణుడు దాన్ని చూసి, ఇన్ని ఆకులు, ఇన్ని కాయలు అని చెప్పేస్తాడు. అక్షహృదయం, అంటే పాచికల మర్మం, తెలిసినవాడు మరి.

నలుడు ఏం చేశాడో చూడండి. ఆహా అనలేదు. రథం ఆపాడు. తొందరగా పోవాలి, దారి చాలా ఉంది అని రాజు అంటున్నా వినలేదు. దిగి చెట్టు పడగొట్టి లెక్కపెట్టాడు. సరిపోయింది. అప్పుడు అడిగాడు, ఈ విద్య నాకు చెప్పు అని. తనకు తెలిసిన గుర్రాల మర్మం, అశ్వహృదయం, ఇచ్చి అది తీసుకున్నాడు. తర్వాత, జూదంలో తనని ఓడించిన పుష్కరుడి మీద ఆడి రాజ్యం తిరిగి గెలుచుకున్నాడు. రాజు చెప్పిన జవాబుని ఊరికే నమ్మి ఊరుకుంటే నలుడు సారథిగానే ఉండిపోయేవాడు.

పుస్తకం ముందు మనం చేయవలసిందీ అదే. ఎలా చేయాలో చెబుతాను.

ముందుగా జవాబు కనపడకుండా ఒక అట్టముక్క అడ్డం పెట్టండి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ అసలు కిటుకు ఇదే. కన్ను దొంగది. చూడకూడదనుకున్నా చూస్తుంది. తర్వాత, బొమ్మలో ఉన్న కాయల్ని నిజంగా గచ్చు మీద పేర్చండి. జీడిపిక్కలూ చింతపిక్కలూ తీసి పేర్చండి. బొమ్మని చూడడం వేరు. చేత్తో పేర్చడం వేరు. పేరుస్తుంటేనే, ఓహో ఇక్కడ వీడి కాయలు నాలుగు వరుసగా గోడ కట్టాయే అని తెలుస్తుంది. పుస్తకంలో చూస్తే ఆ గోడ కనపడదు.

ఆ తర్వాత మీ ఎత్తు రాయండి. రాయండి అంటున్నాను, అనుకోండి అనడం లేదు. నోట్‌బుక్కులో ఒక వాక్యం. ఈ కాయని ఇక్కడికి నడుపుతాను, ఎందుకంటే ఇది అని. ఎందుకంటే అన్న మాట తప్పనిసరి. మనసులో అనుకున్నది జవాబు చూడగానే రంగు మార్చేస్తుంది. నేనూ ఇదే అనుకున్నానులే అంటుంది. కాగితం అలా మాట మార్చదు.

రాశాకే అట్టముక్క తీయండి. తప్పయితే సంతోషించండి. వెటకారానికి అనడం లేదు. సరిగ్గా చెప్పిన చిక్కు మీకు కొత్తగా నేర్పేదేమీ ఉండదు. తప్పిన చిక్కే మీ డబ్బుకి న్యాయం చేసేది. దాని పక్కన ఒక గుర్తు పెట్టుకోండి. వారం పోయాక గుర్తు పెట్టిన వాటినే మళ్లీ పేర్చండి. అప్పటికీ తప్పితే ఇంకో గుర్తు. మూడు గుర్తులు పడ్డ చిక్కు ఏదో ఉంటుంది చూశారా, మీ ఆటలో ఉన్న రోగం అదే.

ఒక పూటకి ఎన్ని? నాలుగైదు చాలు. అయిదో చిక్కు దగ్గర మీ చెయ్యి దానంతటదే అట్టముక్క మీదికి పోతుంటే, ఆ పూటకి పుస్తకం మూసేయండి.

ఇంకో ఇబ్బంది ఉంది, దీన్ని పుస్తకాలు రాసేవాళ్లు కూడా ఎక్కువగా చెప్పరు. పుస్తకంలో అధ్యాయాలుంటాయి. ఇది కాయల్ని చంపే అధ్యాయం, ఇది ఇల్లు కట్టే అధ్యాయం, ఇది ఊరికే పరుగెత్తే అధ్యాయం అని. చంపే అధ్యాయంలో ఉన్నామని తెలిస్తే ఎవడైనా చంపే ఎత్తే వెతుకుతాడు. సగం జవాబు పేజీ పైనే రాసి ఉన్నట్టు. నిజం ఆటలో ఆ పేరు ఎవరూ రాసిపెట్టరు. అందుకని, పుస్తకం ఒకసారి పూర్తయ్యాక వరుసలో చేయకండి. చీటీలు వేసి తీయండి. పిల్లల చేత ఒక నంబరు చెప్పించుకోండి. ఏ అధ్యాయమో తెలియకుండా బల్ల ముందు కూర్చోండి. అప్పుడు తెలుస్తుంది మీకు వచ్చిందెంతో.

తోడు ఎవరూ దొరకరండీ అంటారా? పాల్ మాగ్రియేల్ అనే ఆయన కథ వినండి. అమెరికాలో లెక్కల మేష్టారు. 1976లో ఆయన రాసిన బ్యాక్‌గామన్ పుస్తకం ఈ ఆటకి పెద్దబాలశిక్ష లాంటిది. 1978లో ప్రపంచ విజేత కూడా అయ్యాడు. ఆయన ఆట ప్రపంచంలో ఎక్స్-22 అన్న పేరుతో ప్రసిద్ధుడు. ఎందుకా పేరు? ఆయన ఒంటరిగా కూర్చుని ఒక పోటీ పెట్టుకున్నాడు. 64 మంది ఆటగాళ్లు, అందరూ ఊహే. ఎక్స్-1, ఎక్స్-2 అని వరసగా పేర్లు. అందరి తరఫునా తానే ఆడాడు. చివరికి గెలిచినవాడు ఎక్స్-22. ఆ పేరే ఆయనకి అంటుకుపోయింది. రెండు వైపులా తానే నిజాయితీగా ఆడుకోగలిగినవాడికి తోడు దొరకలేదన్న బెంగ ఉండదు.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి. చదరంగంలో పాచికల్లేవు. మంచి ఎత్తు మంచి ఎత్తే. ఇక్కడ పాచికలున్నాయి. మంచి ఎత్తు వేసినా కాయ చావొచ్చు. చెత్త ఎత్తు వేసినా గెలవొచ్చు. ఏడు గళ్ల దూరంలో పెట్టారు. 36లో 6 మాత్రమే ప్రమాదం. ఆ 6లో ఒకటే పడింది. కాయ చచ్చింది. మీ ఎత్తు తప్పా? కాదు. రేపు మళ్లీ అదే బల్ల వస్తే మళ్లీ అక్కడే పెట్టాలి. మళ్లీ చెబుతాను, ఎందుకంటే ఈ మాట ఒప్పుకోవడానికి చాలామందికి మనసు రాదు. కాయ చచ్చినంత మాత్రాన ఎత్తు తప్పు కాదు. కాయ బతికినంత మాత్రాన ఎత్తు ఒప్పు కాదు.

1979లో మాంటీకార్లోలో ఒక విచిత్రం జరిగింది. లుయీజీ విల్లా అనే ఇటలీ ఆయన అప్పుడే ప్రపంచ విజేత అయ్యాడు. హాన్స్ బెర్లినర్ అనే శాస్త్రవేత్త తయారుచేసిన కంప్యూటర్ ప్రోగ్రాము ఆయనతో ఆడి 7-1 స్కోరుతో గెలిచింది. లోకమంతా కంప్యూటరు మనిషిని మించిపోయిందని గోల పెట్టింది. బెర్లినర్ ఏం చేశాడంటే, ఆడిన ఆటల్ని ఇంటికి తెచ్చుకుని ఒక్కో ఎత్తూ పరీక్షించాడు. బాగా ఆడింది విల్లానే, మా దానికి పాచికలు కలిసొచ్చాయి అని తానే రాశాడు. గెలిచినవాడు ఆ మాట అనడం, చూశారా, అదీ చదువంటే! మన అరుగు మీద గెలిచినవాడి నోట ఆ మాట ఎప్పుడైనా విన్నారా?

పుస్తకాల వల్ల ఉన్న లాభం ఇక్కడే తెలుస్తుంది. పుస్తకంలో పందెం పడదు. ఎత్తు దగ్గరే బల్ల ఆగిపోతుంది. గెలిచామా ఓడామా అన్న గొడవ లేదు. ఈ ఎత్తు బాగుందా లేదా, అంతే. అరుగు మీద ఆట ఆ అవకాశం ఎప్పుడూ ఇవ్వదు.

పుస్తకంలో ఉన్న జవాబులన్నీ వేదవాక్కులా అంటే, కావు. 1992 ప్రాంతంలో ఐబీఎం సంస్థలో గెరాల్డ్ టెసారో అనే శాస్త్రవేత్త ఒక ప్రోగ్రాము తయారుచేశాడు. ఏ ఎత్తు మంచిదో దానికి ఎవరూ చెప్పలేదు. తనతో తానే లక్షల ఆటలు ఆడుకుని నేర్చుకుంది. అది ఆట మొదట్లో కొన్ని పందేలకి పెద్దలు అంతవరకూ వేస్తూ వచ్చిన ఎత్తు వేయలేదు. రెండూ ఒకటీ పడితే, పెద్దవాళ్లు ఒక కాయని ధైర్యంగా ముందు గడిలో ఒంటరిగా పెట్టేవారు. ఇది మాత్రం వెనకున్న జంటని విడదీసి, ఒక కాయని ఒక్క అడుగు ముందుకి జరిపింది. మొదట కొంతమంది నవ్వి ఉంటారు. తర్వాత పెద్ద ఆటగాళ్లే ఆ ఎత్తు వేయడం మొదలుపెట్టారు. అందుకని పాత పుస్తకం చేతికొస్తే చదవండి కానీ, అనుమానం వచ్చిన జవాబుని ఇప్పటి ప్రోగ్రాముతో సరిచూసుకోండి. జీఎన్‌యూ బ్యాక్‌గామన్ అని ఉచితంగా దొరుకుతుంది. అయితే ముందు నోట్‌బుక్కు, తర్వాతే కంప్యూటరు. కంప్యూటర్ని ముందే అడిగితే అది మళ్లీ కీ చూసుకోవడమే.

లెక్కపెట్టే అలవాటు ఇంకో చోటా పనికొస్తుంది. ఈ ఆటలో పందెం రెట్టింపు చేసే పద్ధతి ఒకటుంది. ఎదుటివాడు ఆట మధ్యలో, నేను రెట్టింపు అంటున్నాను, ఉంటావా పోతావా అంటాడు. పోతే ఒక పాయింటు నష్టం. ఉంటే, గెలిచినా ఓడినా రెండు పాయింట్లు. ఎప్పుడు ఉండాలి? చాలామంది నాకు సగానికి సగం అవకాశముంటేనే ఉంటాను అంటారు. లెక్క చూడండి. నాలుగు ఆటలు వదిలేస్తే నాలుగు పాయింట్లు పోతాయి. నాలుగూ ఆడి, మూడు ఓడి ఒకటి గెలిస్తే? మూడింటికి ఆరు పోతాయి, ఒకదానికి రెండు వస్తాయి. పోయింది నాలుగే! అంటే నాలుగింట ఒకటి గెలవగలననుకున్నా వదలక్కర్లేదు. పిరికితనంతో వదిలేసిన ఆటలెన్నో ఈ చిన్న లెక్కతో నిలబడతాయి.

పాయింట్లు అన్నాను, రూపాయలు అనలేదు. ఆ తేడా గమనించండి. మన రాష్ట్రం 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025లో కేంద్రం కూడా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల మీద చట్టం తెచ్చింది. చట్టం సంగతి అలా ఉంచండి. సెల్‌ఫోన్‌లో పందేలాడి గల్ఫ్ సంపాదన పోగొట్టుకున్న ఇళ్లు మన చుట్టూ ఎన్ని లేవు? ఈ లెక్కలన్నీ తెలిసినవాడికి మొదట అర్థమయ్యేది, దుకాణం పెట్టినవాడే చివరికి గెలుస్తాడని. నలుడి కథలోనూ రాజ్యం పోయింది పందెం వల్లే, ఆట వల్ల కాదు.

ఇక చివరి మాట. టెక్కలిలోనో, మందసలోనో, బారువలోనో కూర్చుని ఇది వింటున్నవాళ్లకి బ్యాక్‌గామన్ పుస్తకాలు చేతికి అందేవి కావు, ఇంగ్లీషులో ఉంటాయి, ఖరీదూ ఎక్కువే. మరి ఏం చేయాలి? మన ఇంట్లో ఉన్న ఆటనే పట్టుకోండి. అష్టాచెమ్మా ఆడి లేచేటప్పుడు, ఇవాళ ఎక్కడ తటపటాయించానో ఆ బల్లని నోట్‌బుక్కులో గీసి పెట్టుకోండి. నాలుగు కాయలు ఎక్కడున్నాయి, ఏ పందెం పడింది, ఏం చేశాను. నాలుగు నెలలు పోతే మీ దగ్గరే ఒక చిక్కుల పుస్తకం తయారవుతుంది. అష్టాచెమ్మాకి అలాంటి పుస్తకం తెలుగులో నాకు కనపడలేదు. రాస్తే మీరే రాయాలి. బళ్లో లెక్కలు చెప్పే మేష్టార్లూ, టీచరమ్మలూ వింటుంటే వాళ్లకి ప్రత్యేకంగా చెబుతున్నాను. సంభావ్యత పాఠానికి ఇంతకంటే చవకయిన సామగ్రి దొరకదు.

మొదటి చిక్కు నేనే ఇస్తాను, రాసుకోండి. నాలుగు చింతపిక్క బద్దలు. ఒక పక్క తెలుపు, ఒక పక్క నలుపు. ఎన్ని తెలుపు పడితే అంత పందెం. నాలుగూ తెలుపయితే చెమ్మా, నాలుగు. అన్నీ నలుపయితే అష్టా, ఎనిమిది. బద్దలు సరిసమానంగా చీలాయి, ఏ పక్కయినా సమానంగా పడుతుంది అనుకోండి. నాలుగు బద్దలు మొత్తం పదహారు రకాలుగా పడతాయి. మీ కాయ కట్టలో, అంటే చంపకూడని గడిలో, లేదు, బయట ఉంది. వెనక ఎదుటివాడి కాయ. దానికి ఒక గడి ముందు ఆగొచ్చు, రెండు గళ్ల ముందు ఆగొచ్చు, మూడు గళ్ల ముందు ఆగొచ్చు. ఎక్కడ ఆగితే ఎక్కువ ప్రమాదం? ఒకటా, రెండా, మూడా?

దీనికి జవాబు నేను చెప్పను. పదహారు రకాలూ కాగితం మీద వరుసగా రాసి, మీరే లెక్కపెట్టి చూసుకోండి. తేలాక పక్కింటివాళ్లని అడగండి, కానీ వాళ్లు రాసేదాకా మీ కాగితం చూపించకండి.